టీకా తొట్టిలో కణాలు ఎలా చస్తాయి? అపోహలు – వాస్తవాలు

బద్వేలు చుట్టుపక్కల పల్లెలకు గాలికుంటు సూది వేయడానికి పశువుల ఆసుపత్రి సిబ్బంది ఐసు పెట్టెలు పట్టుకొని వస్తారు. 2019 సెప్టెంబరులో కేంద్రం మొదలుపెట్టిన జాతీయ పశువ్యాధి నియంత్రణ కార్యక్రమం కింద ఆవులకు, ఎద్దులకు, ఎనుములకు ఈ టీకా ఉచితం. ఆ సీసాలోది రసాయనాలు కలిపి కాచిన మందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది బతికున్న కణాల్లో పెంచి, ఆపైన చంపిన వైరస్. వేల లీటర్ల తొట్టెల్లో ఆ కణాలను చెడకుండా పెంచడం ఎంత కష్టమో బయటికి తెలియదు. అందుకే టీకా ఆలస్యమైతే కోపం వస్తుంది, టీకా వస్తే అనుమానం వస్తుంది. ఈ రెండూ రైతుకు నష్టమే కాబట్టి కొన్ని సంగతులు విప్పి చెప్పాలి.

అపోహ: ఈ టీకా కోసం పశువులను కోస్తారు

ఒకప్పుడు ఇందులో కొంత నిజం ఉండేది. 1947లో నెదర్లాండ్స్ శాస్త్రవేత్త ఫ్రెంకెల్ కబేళాల నుంచి తెచ్చిన పశువుల నాలుకల పైపొరలో గాలికుంటు వైరస్‌ను పెంచే పద్ధతి కనిపెట్టాడు. యూరప్‌లో పెద్ద ఎత్తున టీకాలు అలాగే తయారయ్యాయి. 1961లో గ్లాస్గోలో మాక్‌ఫర్సన్, స్టోకర్ అనే ఇద్దరు హామ్‌స్టర్ పిల్లల మూత్రపిండాల నుంచి బీహెచ్‌కే-21 అనే కణాల వంశాన్ని స్థిరపరిచారు. మరుసటి ఏడాదే ఇంగ్లండ్‌లోని పిర్‌బ్రైట్‌లో వాటిని ద్రవంలో తేలుతూ పెరిగేలా అలవాటు చేశారు. ఆ వంశం ఇప్పటికీ సాగుతోంది, కొత్తగా ఏ జంతువునూ కోయనక్కర్లేదు. జాతీయ పాడి అభివృద్ధి మండలి 1982లో హైదరాబాదులో నెలకొల్పిన ఇండియన్ ఇమ్యునలాజికల్స్ ఈ కణాల్లోనే గాలికుంటు టీకా తయారుచేస్తోంది.

అపోహ: పెద్ద తొట్టి పెడితే చాలు, ఎంత కావాలంటే అంత టీకా

కోవిడ్ రెండో ఉధృతిలో, 2021 మే నెలలో, జనం ఇదే అడిగారు. ఫార్ములా చేతిలో ఉంది కదా, నాలుగు ఫ్యాక్టరీలకు ఇస్తే సరిపోదా అని. కోవాగ్జిన్ ఒక బ్యాచి మొదలుపెట్టి, పరీక్షలన్నీ ముగించి విడుదల చేయడానికి సుమారు 120 రోజులు పడుతుందని భారత్ బయోటెక్ అప్పుడే చెప్పింది. వినేవారికి అది సాకులా తోచింది. సాకు కాదు.

లెక్క వేసి చూద్దాం. ద్రవ నత్రజనిలో మైనస్ 196 డిగ్రీల వద్ద దాచిన చిన్న సీసాలో కోటి కణాలున్నాయనుకోండి. రెండు వేల లీటర్ల తొట్టిలో మిల్లీలీటరుకు 20 లక్షల చొప్పున కావాలంటే నాలుగు లక్షల కోట్ల కణాలు కావాలి. అంటే సుమారు 19 సార్లు రెట్టింపు కావాలి. బాక్టీరియా అరగంటలో రెట్టింపవుతుంది, జంతుకణానికి దాదాపు ఒక రోజు పట్టవచ్చు. ఒక్కటి కూడా చావకపోయినా రెండు వారాలు దాటిపోతుంది. పైగా సీసాలోంచి తిన్నగా పెద్ద తొట్టిలో పోయడానికి లేదు. మరీ పలచబడితే కణాలు పెరగవు. చిన్న పాత్ర, దానికి అయిదు పదింతల పాత్ర, ఆపైన ఇంకో పాత్ర, ఇలా మెట్టు మెట్టుగా ఎక్కించాలి. ఏ మెట్టులో ఒక్క బాక్టీరియా దూరినా మొదటికి వస్తుంది.

అపోహ: తొట్టిలో తిరిగే రెక్కలే కణాలను చీల్చేస్తాయి

కవ్వంతో చిలికితే పెరుగు విరిగినట్టు, తిరిగే రెక్కల దెబ్బకు కణాలు చిరిగిపోతాయని ఇంజినీర్లు కూడా చాలాకాలం నమ్మారు. నమ్మడానికి కారణం ఉంది. మొక్కల కణాలకూ బాక్టీరియాకూ ఉండే గట్టి గోడ జంతుకణానికి ఉండదు, పలుచని పొర ఒక్కటే. అందుకని మెల్లగా తిప్పేవారు. అయినా కణాలు చచ్చేవి.

అసలు కారణం గాలి అందించే తీరులో ఉంది. చిన్న గాజుపాత్రలో పైనుంచి దిగే గాలితోనే కణాలకు ఆక్సిజన్ సరిపోతుంది. పాత్ర కొలతలన్నీ పదింతలైతే లోపలి ద్రవం వెయ్యింతలవుతుంది, గాలి తగిలే పైభాగం మాత్రం వందింతలే. 37 డిగ్రీల వేడిలో లీటరు నీటిలో కరిగే ఆక్సిజన్ ఏడు మిల్లీగ్రాముల లోపే. మిల్లీలీటరుకు పది లక్షల కణాలుంటే దాన్ని సుమారు గంటలో తాగేస్తాయి. కాబట్టి పెద్ద తొట్టిలో అడుగు నుంచి గాలి బుడగలు వదలక తప్పదు. ఊపిరి పోసే ఆ బుడగే ప్రాణం తీస్తోందని 1980ల చివర్లో తేలింది. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో కునాస్, పాపుట్సాకిస్ 1990లో ప్రచురించిన ప్రయోగాల్లో తొట్టిని అంచు దాకా నింపి, గాలి చొరబడకుండా చేస్తే, నిమిషానికి 600 చుట్లు తిప్పినా కణాలు బతికాయి. గాలి చేరి బుడగలు కలిస్తే అంతకంటే చాలా తక్కువ వేగానికే దెబ్బతిన్నాయి.

కణాలు బుడగను అంటిపెట్టుకొని పైకి తేలతాయి. పైన బుడగ పగిలినప్పుడు దాని పలుచని పొర సెకనుకు కొన్ని మీటర్ల వేగంతో వెనక్కి లాక్కుపోతుంది. ఆ కుదుపుకు అంటుకున్న కణం చిరుగుతుంది. చిన్న బుడగ మరీ ప్రమాదం. కానీ ఆక్సిజన్‌ను బాగా అందించేది కూడా చిన్న బుడగే. పెద్దవి వదిలితే ఆక్సిజన్ తక్కువ, చిన్నవి వదిలితే చావు ఎక్కువ, పైగా కణాలు వదిలిన కార్బన్ డయాక్సైడు సరిగా బయటికి పోదు. పెద్ద తొట్టి నడిపేవారి అసలు కష్టం ఇదే. విరుగుడుగా ప్లూరానిక్ ఎఫ్-68 అనే పదార్థాన్ని లీటరుకు గ్రాము, రెండు గ్రాముల చొప్పున కలుపుతారు. అది ఉంటే కణాలు బుడగకు అంటుకోవు. ఇంత చిన్న ఉపాయం మీద ఇంత పెద్ద పరిశ్రమ నిలబడిందంటే నాకు ఆశ్చర్యంగానే ఉంటుంది.

రెక్కల భయం పూర్తిగా అబద్ధం కూడా కాదు. రేబిస్ టీకాకు వాడే వీరో కణాలు దేన్నైనా అంటుకుంటేనే పెరుగుతాయి. వాటి కోసం 1967లో వాన్ వెజెల్ సన్నని పూసలను ప్రవేశపెట్టాడు. వేగం పెరిగితే పూసలు ఒకదానికొకటి ఢీకొని కణాలు రాలిపోతాయి. అక్కడ మెల్లగా తిప్పడమే సరి.

అపోహ: చివరికి వైరస్ చంపేదే కదా, కణాలను కాపాడటం దేనికి?

వైరస్ తనంతట తాను పెరగదు, ఆరోగ్యంగా ఉన్న కణంలోనే పిల్లలు పెడుతుంది. ముందే చచ్చిన కణం పనికిరాదు. అంతేకాదు, అది పగిలి లోపలి ఎంజైములు, డీఎన్‌ఏ ద్రవంలో కలిస్తే టీకాను శుద్ధి చేయడం కష్టమవుతుంది. కణాలకు మేత ఎక్కువ వేసినా మేలు లేదు. కణాలు వదిలే లాక్టిక్ ఆమ్లం, అమ్మోనియా వాటికే విషం.

అపోహ: కోవాగ్జిన్‌లో దూడ రక్తం ఉంది

2021 జూన్‌లో ఈ మాట దేశమంతా తిరిగింది. అప్పుడే పుట్టిన దూడల రక్తం నుంచి తీసిన సీరాన్ని, ఈ టీకాకూ ఆధారమైన వీరో కణాలను పెంచే దశలో వాడేవారు. వైరస్ ఎక్కించే ముందు కణాలను పలుమార్లు కడిగేవారు. తుది టీకాలో సీరం ఉండదని కేంద్ర ఆరోగ్య శాఖ అదే నెలలో వివరణ ఇచ్చింది.

అపోహ: ఒకసారి సూది వేయిస్తే జీవితాంతం చాలు, ఎండలో ఉన్నా మందు చెడదు

గాలికుంటు వైరస్ రేణువు వేడికి ముక్కలవుతుంది. ముక్కలైతే శరీరం దాన్ని సరిగా గుర్తుపట్టదు, సూది వేసినా రక్షణ రాదు. గడ్డకట్టినా మందు చెడుతుంది. రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్యే ఉంచాలి. మే నెలలో బద్వేలు ఎండకు బండి మీద సంచిలో పెట్టి తెచ్చిన సీసాను నమ్మవద్దు. సూది వేసిన రెండు మూడు రోజులు కొంచెం జ్వరం, పాలు తగ్గడం ఉండవచ్చు, అవి సర్దుకుంటాయి.

ఇక రక్షణ ఎంతకాలమన్నది టీకాను బట్టి ఉంటుంది. గొర్రెలకు పారుడు రోగం రాకుండా వేసే పీపీఆర్ టీకాలో బలహీనపరిచిన బతికున్న వైరస్ ఉంటుంది. అది ఒంట్లో కొంత పెరుగుతుంది కాబట్టి రక్షణ కనీసం మూడేళ్లుంటుంది. గాలికుంటు టీకాలోది చంపిన వైరస్, పెరగదు. అందుకే నాలుగు నెలలు దాటిన దూడకు మొదటి సూది, నెల తర్వాత రెండోది, ఆపైన ఆర్నెల్లకోసారి వేయించాలి.