ఉబ్బసపు మందులు – వంటింటి కషాయములు: రెండును కలిసినపుడు

వర్షములు తగ్గి చలి ఆరంభమగు సంధికాలమున, దగ్గు ఆయాసము గలవారి ఇండ్లలో రాత్రులు కలతగానే గడచును. బడంగ్‌పేట, బాలాపూర్, నాదర్‌గుల్ పరిసరములలో ఇండ్ల నిర్మాణము ఎడతెగక సాగుచుండుటచే, సిమెంటు ఇసుకల ధూళి ఈ బాధకు తోడగుచున్నది. ఇచ్చట ఆయుర్వేద వైద్యము చేయుచున్న నా యొద్దకు వచ్చు ఉబ్బసరోగులలో పలువురి ఇండ్లలో రెండు సంచులుండును. ఒకదానిలో డాక్టరు వ్రాసిన ఇన్‌హేలర్లు, మాత్రలు, సిరప్పులు. రెండవదానిలో త్రికటు చూర్ణము, అడ్డసరపు ఆకు, అతిమధురపు వేరు. మొదటి సంచి సంగతి నాకు చెప్పరు. రెండవ సంచి సంగతి డాక్టరుకు చెప్పరు. ప్రమాదమంతయు ఈ మౌనములోనే యున్నది. అందుచే ఈ రెండు సంచులను ఒక్కచోట విప్పి చూచుటయే ఈ వ్యాసపు ఉద్దేశ్యము.

శాస్త్రము ఏమనుచున్నది?

చరకసంహిత శ్వాసరోగమును మహాశ్వాస, ఊర్ధ్వశ్వాస, ఛిన్నశ్వాస, తమకశ్వాస, క్షుద్రశ్వాస అని ఐదు విధములుగా విభజించినది. మనము ఉబ్బసమనునది చాలవరకు తమకశ్వాస లక్షణములతో సరిపోవును. పడుకొనిన ఆయాసము హెచ్చుట, లేచి కూర్చుండిన కొంత తెరిపి కలుగుట, మబ్బు, చలిగాలి, ధూళి వలన పెరుగుట ఇందలి గురుతులు. తమకశ్వాసను శాస్త్రము 'యాప్యము' అన్నది. అనగా చికిత్స సాగుచున్నంతకాలము అదుపులో నుండి, చికిత్స మానినంతనే తిరిగి తలయెత్తు వ్యాధి. నేటి వైద్యులు ఇన్‌హేలరును బాగున్నప్పుడు కూడ మానవద్దనుటకు కారణమిదియే. ఆయాసము లేని రోజున మందు అనవసరమని తలచుట రెండు శాస్త్రములకును విరుద్ధము.

వంటింటి దినుసులును మందులే

"ఇవి ఇంటి వస్తువులే కదండీ, వీటితో హాని ఏముంటుంది?" అని చాలమంది నన్నడుగుదురు. గుణము చేయునది ఏదైనను, సరిపడనిచోట దోషమును చేయగలదు. అడ్డసరపు ఆకులోని వాసిసిన్ అను పదార్థము ఆధారముగానే కఫమును పలుచబరచు బ్రోమ్‌హెక్సిన్ మందు తయారైనది. కావున అడ్డసరపు కషాయమును, బ్రోమ్‌హెక్సిన్ లేక ఆంబ్రాక్సాల్ గల సిరప్పును ఏకకాలమున త్రాగువారు ఒకే పనికి రెండు మందులు వాడుచున్నట్లే. గర్భిణీ స్త్రీలు అడ్డసరమును వాడరాదు.

శొంఠి, పిప్పళ్ళు, మిరియములు కలిసినది త్రికటువు. పిప్పళ్ళు, మిరియములలోని పైపరిన్ అను పదార్థము కొన్ని మందులను రక్తములో అధికముగా నిలుపును. ఉబ్బసమునకు వాడు థియోఫిలిన్ అట్టి వాటిలో నొకటి. డెరిఫిలిన్ మాత్రలలో నున్నది ఈ జాతి మందే. దీనిలో మేలు చేయు మోతాదునకును, కీడు చేయు మోతాదునకును నడుమ దూరము స్వల్పము. మోతాదు మించినచో వికారము, వాంతులు, గుండెదడ, చేతుల వణకు, నిద్రలేమి కలుగును. మరింత ముదిరిన ఫిట్స్ కూడ రావచ్చును. సిప్రోఫ్లాక్సాసిన్, ఎరిత్రోమైసిన్ వంటి యాంటిబయాటిక్స్ సైతము దీని పాలును రక్తములో పెంచును.

కొంతకాలము క్రిందట అరువది యైదేండ్లు దాటిన ఒక పెద్దాయన నా యొద్దకు వచ్చెను. ఏండ్లుగా థియోఫిలిన్ మాత్ర వాడుచున్నాడు. కఫము తెగుటకు పూటకొక చెంచా త్రికటు చూర్ణమును తేనెతో తినుచున్నాడు. అంతకు నాలుగు దినముల ముందు జ్వరమునకు మరొకచోట సిప్రోఫ్లాక్సాసిన్ వ్రాసియిచ్చిరి. మూడు రాత్రులుగా నిద్ర లేదు, గుండె దడదడలాడుచున్నది, చేతిలో గ్లాసు నిలుచుట లేదు. "వేడి చేసిందని మజ్జిగ పోస్తున్నామండీ" అని ఆయన భార్య చెప్పెను. చూర్ణము ఆపించి, మందులన్నిటి పేర్లు ఒక కాగితముపై వ్రాసి, అప్పటికప్పుడే ఆసుపత్రికి పంపితిని. అచ్చటి డాక్టరు ఇ.సి.జి. తీయించి, యాంటిబయాటిక్ మార్చి, మాత్ర మోతాదు సరిచేసిరి. మూడింటిని విడివిడిగా చూచిన ఏదియు విషము కాదు. మూడింటిని కలిపి చూచినవారు అంతవరకు ఎవరును లేకపోవుటయే చిక్కు.

అతిమధురము గొంతునకు హాయినిచ్చును. కాని వారముల తరబడి వాడిన రక్తపోటు హెచ్చి, పొటాషియము తగ్గును. నీరు పోవుటకు మాత్రలు వాడువారికి, ప్రెడ్నిసొలోన్ వంటి స్టిరాయిడ్లు తినువారికి ఇది ద్విగుణమైన నష్టము. ఎఫిడ్రిన్ గల సోమలత చూర్ణమును సాల్‌బ్యుటమాల్‌తో కలిపిన గుండెవేగము, రక్తపోటు పెరుగును. పేరు లేని పొట్లములలో వచ్చు 'ఉబ్బసపు పొడి' ఒక్క రోజులో అద్భుత గుణము చూపినచో సంతోషింపక సందేహింపుడు. అట్టి పొడులలో స్టిరాయిడ్లు కలుపుట అరుదు కాదు.

చీటీలోని మందులు – కొన్ని జాగ్రత్తలు

సాల్‌బ్యుటమాల్ (అస్థాలిన్ వంటివి) అప్పటికి ఉపశమనమిచ్చునదే కాని వ్యాధిమూలమైన వాపును తగ్గించునది కాదు. వారమునకు రెండుసార్ల కంటె ఎక్కువ దాని అవసరము కలుగుచున్నచో వ్యాధి అదుపులో లేదని గ్రహించి డాక్టరును చూడవలెను. స్టిరాయిడ్ ఇన్‌హేలరు పీల్చిన పిదప నోరు పుక్కిలించి ఉమ్మివేయవలెను. లేనిచో నోటిలో తెల్లని పూత ఏర్పడును. స్ప్రే ఇన్‌హేలరును ఊపి, నిండుగా ఊపిరి వదలి, నొక్కుచు మెల్లగా పీల్చి, 10 సెకనులు బిగబట్టవలెను. పిల్లలకు, వృద్ధులకు స్పేసరు గొట్టముతో మందు చక్కగా లోనికి చేరును. రోటాక్యాప్స్ పీల్చుటకే, వాటిని మాత్రలవలె మ్రింగరాదు. నెమ్మదిగా కరగునట్లు చేసిన థియోఫిలిన్ మాత్రలను నమలరాదు, నూరరాదు. వారముల తరబడి తిన్న స్టిరాయిడ్ మాత్రలను ఒక్కసారిగా మానరాదు.

రక్తపోటుకు వాడు ఎనలాప్రిల్, రామిప్రిల్ వలన కొందరికి పొడిదగ్గు వచ్చును. దానికి సీసాల కొలది సిరప్పు త్రాగుట వ్యర్థము, మందు మార్పించుకొనవలెను. ప్రొప్రనొలాల్ మాత్రలు, కంటిలో వేయు టిమొలాల్ చుక్కలు సైతము ఉబ్బసమును రేపగలవు. కన్ను చూపించుకొనునప్పుడు కూడ ఉబ్బసమున్నదని చెప్పుడు.

పిల్లలకు సిరప్పులు

2025వ సంవత్సరము మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా జిల్లాలో కోల్డ్‌రిఫ్ అను దగ్గు సిరప్పు త్రాగి 20 మందికి పైగా పిల్లలు మూత్రపిండములు చెడి మరణించిరి. అందులో డైఎథిలీన్ గ్లైకాల్ అను విషద్రావకము 48.6 శాతము మేర యున్నట్లు పరీక్షలో తేలినది. ఆ అక్టోబరులో తెలంగాణ ఔషధ నియంత్రణ శాఖ కూడ ఆ మందును వాడవద్దని హెచ్చరించినది. రెండేండ్లలోపు పిల్లలకు దగ్గు, జలుబు సిరప్పులు ఇవ్వరాదనియు, ఐదేండ్లలోపు వారికి సాధారణముగా తగవనియు కేంద్ర ఆరోగ్యశాఖ సూచించినది. పాత సీసాలోనిది పోయరాదు. పెద్దల సిరప్పును సగము చేసి ఇవ్వరాదు. ఇంటి చెంచాతో గాక సీసాతో వచ్చిన కొలమూతతోనే కొలువవలెను. ఏడాది నిండని శిశువుకు తేనె నాకించుటయు ప్రమాదమే.

చేప ప్రసాదము సంగతి

ఏటేట మృగశిరకార్తె నాడు నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానమున బత్తిని కుటుంబమువారు ఇచ్చు చేప ప్రసాదమునకు వేలమంది వత్తురు. కొర్రమీను పిల్ల నోటిలో పసుపుపచ్చని మందు నుంచి మ్రింగింతురు; శాకాహారులకు బెల్లముతో నిత్తురు. 1845 నుండి ఈ ఆచారము సాగుచున్నదని ఆ కుటుంబము చెప్పును. దాని గుణము శాస్త్రపరీక్షలో నిర్ధారణ కాలేదు. నమ్మకముతో వెళ్ళువారిని నేను వారింపను. కాని ఒక్క మాట మాత్రము గట్టిగా చెప్పుదును: ఇన్‌హేలరును జేబులోనే యుంచుకొని వెళ్ళుడు, తిరిగివచ్చిన పిదప దానిని మానకుడు. పథ్యము పేరిట మందు మానిన వారము దినములలో ప్రాణాంతకమైన ఆయాసము రావచ్చును.

ఇంట చేసుకొనదగినవి

సామాన్యమైన జలుబు దగ్గులకు గోరువెచ్చని నీరు, ఉప్పునీటి పుక్కిలింత, చెంచా అల్లపురసములో తేనె, తులసి కషాయము చాలును. మధుమేహులు తేనెను లెక్కలో నుంచుకొనవలెను. పిల్లలను మరుగునీటి ఆవిరికి దగ్గరగా కూర్చుండబెట్టరాదు. సాంబ్రాణి పొగ, దోమల చుట్ట, అగరువత్తి ఉబ్బసరోగి గదిలో వలదు.

దగ్గు రెండు వారములు మించినచో ప్రభుత్వ ఆరోగ్యకేంద్రమున ఉచితముగా కఫపరీక్ష చేయించుడు, క్షయ కావచ్చును. మాట పూర్తి చేయలేని ఆయాసము, పెదవులు నీలివర్ణమగుట, ఇన్‌హేలరుకు లొంగకపోవుట కనిపించిన కషాయము కాచుచు కూర్చుండక 108కి ఫోను చేయుడు. వాహనము వచ్చువరకు ఉపశమన ఇన్‌హేలరును పీల్పించుచుండుడు.

నేడే ఒక కాగితము తీసికొని ఇంటిలోని రోగి వాడు మాత్ర, సిరప్పు, ఇన్‌హేలరు, చూర్ణము, కషాయము అన్నిటిని పేరు, మోతాదు, వేళలతో వ్రాయుడు. ఏ వైద్యుని యొద్దకు వెళ్ళినను మొదట ఆ కాగితమును ముందుంచుడు. దానిని చదువ నొల్లని వైద్యుడు ఏ శాస్త్రమువాడైనను, మరొకరిని వెదకుకొనుటయే మేలు.