క్లోమం తొలగించినా ఇన్సులిన్ కణాలను కాపాడుకోవచ్చు

గత మాసంలో ఒక పెద్దమనిషి 24 ఏళ్ల కుమారుణ్ణి వెంటబెట్టుకుని నా వద్దకు వచ్చారు. ఆ యువకునికి ఆరేళ్లుగా పైకడుపులో పుట్టి వీపులోకి పొడిచే శూల. అన్నం ముద్ద చూస్తేనే భయం. దీర్ఘకాలిక క్లోమశోథ అని నిర్ధారణ అయింది. "ఆచార్యులుగారూ! క్లోమం మొత్తం తీసివేసి, అందులోని కణాలను కాలేయంలో పెడతామంటున్నారు. దాని బదులు మీ కషాయమేదైనా ఇవ్వరాదా?" అని ఆ తండ్రి అడిగారు. వారికి చెప్పినదే పాఠకులకూ విన్నవిస్తున్నాను.

క్లోమగ్రంథి చేసే పనులు రెండు. ఒకటి, ఆహారాన్ని పచనం చేసే క్లోమరసాన్ని స్రవించడం. రెండు, రక్తంలోని చక్కెరను అదుపులో ఉంచే ఇన్సులిన్‌ను తయారుచేయడం. ఈ రెండవ పని చేసేవి 1869లో జర్మన్ శాస్త్రజ్ఞుడు పాల్ లాంగర్‌హాన్స్ వర్ణించిన పుటికలు. గ్రంథిలో ఇవి నూటికి ఒకటి రెండు పాళ్లే.

గ్రంథిని ఊరకే తీసివేస్తే మధుమేహం తప్పదు. అందుచేత 1977లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయ వైద్యులు రోగి పుటికలను రోగికే తిరిగి ఇచ్చే పద్ధతిని ఆరంభించారు. తీసిన గ్రంథిని కొల్లాజినేజ్ అనే ఎంజైముతో విడదీసి, పుటికలను వేరుచేసి, కాలేయ నిర్వాహక సిర ద్వారా కాలేయంలోకి పంపుతారు. స్వంత కణాలే గనుక తిరస్కారాన్ని అణచే మందులు అక్కరలేదు.

నాటిన నారు నిలిచేదెట్లా?

మడి నుండి పీకిన నారు కొత్త చేలో వేరూనే వరకు వాడిపోతుంది గదా! పుటికల స్థితీ అంతే. కాలేయంలో వాటికి కొత్త రక్తనాళాలు ఏర్పడడానికి సుమారు రెండు వారాలు పడుతుంది. అంతవరకూ ప్రాణవాయువు కొరత. పైగా రక్తం తగలగానే వాటి చుట్టూ గడ్డకట్టడం, శోథ మొదలవుతాయి. ఈ తొలి దినాలలోనే చాలా పుటికలు నశిస్తాయి.

నివారణకు రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇస్తారు. శోథను తగ్గించడానికి ఎటానర్సెప్ట్, అనాకిన్రా వంటి మందులను వాడి చూస్తున్నారు. పుటికలకు విశ్రాంతి నిచ్చేందుకు మొదట్లో ఇన్సులిన్‌ను సూది ద్వారా ఇచ్చి చక్కెరను కట్టడిగా ఉంచుతారు. రోగి ఎముక మజ్జలోని మూలకణాలను పుటికలతో కలిపి పంపే ప్రయోగాలు దక్షిణ కెరొలైనా వైద్య విశ్వవిద్యాలయంలో జరిగాయి.

అందరికీ పూర్ణఫలం రాదు. మిన్నెసోటా వైద్యులు 2012లో ప్రకటించిన వివరాల ప్రకారం, మూడేళ్ల తర్వాత 30 శాతం మందికి ఇన్సులిన్ అవసరం లేకపోయింది. మరికొందరి పుటికలు పాక్షికంగా పనిచేశాయి. జీర్ణానికి ఎంజైము గుళికలను మాత్రం భోజనంతో జీవితాంతం తీసుకోవాలి.

ఇక కషాయం మాట. సాధ్యాసాధ్య వివేచన లేనిదే మందు ఇవ్వరాదని గురుకులంలో మాకు మొదట నేర్పారు. గట్టిపడి, రాళ్లు కట్టిన గ్రంథిని మునుపటి స్థితికి తెచ్చే ఔషధం నా ఎరుకలో లేదు. ఈ శస్త్రచికిత్స ప్రతి రోగికీ అవసరం కాదు. ఇతర చికిత్సలతో నొప్పి లొంగనివారికే దీనిని యోచిస్తారు. కాని వ్యాధి ముదిరే కొద్దీ దక్కే పుటికలు తగ్గుతాయి. కషాయాలతో కాలయాపన చేస్తే నష్టపోయేది రోగియే. మద్యం, పొగాకు పూర్తిగా మానాలి.

"ముందు ఆ నిపుణులనే కలవండి. పథ్యం మాట తర్వాత చూద్దాం" అన్నాను. ఆ యువకుడు తొలిసారి తలెత్తి నావైపు చూశాడు.