‘లేత మనసులు’ - కువైట్ అమ్మలు

1966లో వచ్చిన ‘లేత మనసులు’ చూశారా? విడిపోయిన అమ్మానాన్నల్ని కవల పిల్లలు ఎంత చాకచక్యంగా కలుపుతారు! ఆ రెండు పాత్రలూ వేసిన కుట్టి పద్మిని మనల్ని ఏడిపించేసింది.

కడప ప్రాంతంలో, రాజంపేట, రాయచోటి వైపు ఎందరో పిల్లలకు ఆ వీలు లేదు. వాళ్ళమ్మ అలిగి వెళ్ళలేదు మరి! వానల్లేక, అప్పు తీరక, ఇంటిపనికి కువైట్ వెళ్ళింది.

ఒకప్పుడు క్యాసెట్టులో మాటలు నింపి పంపేవారు. ఇప్పుడు సెల్‌ఫోన్‌లో ముఖం కనిపిస్తుంది - అదీ అక్కడి పని తెమిలాకే. ఇక్కడ అక్క తమ్ముడికి తల దువ్వుతుంది. వాడికి జ్వరమొస్తే అమ్మకి చెప్పొద్దంటుంది, అంత దూరంలో ఏడుస్తుందని!

వాడి సంగతి వేరు. రెండేళ్ళకు అమ్మ వస్తే, అవ్వ కొంగు వదలడు. చాక్లెట్లు తీసుకుంటాడు, దగ్గరికి రాడు. మాలిమి అయ్యేసరికి ఆమె సెలవు అయిపోతుంది.