మాట్లాడే మాల్: బోర్డు మీద బజారు

మాల్ మ్యాడ్‌నెస్ అమెరికాలో పుట్టిన బోర్డు ఆట. గొంతుతో మాట్లాడే దీని ఎలక్ట్రానిక్ రూపాన్ని మిల్టన్ బ్రాడ్లీ సంస్థ 1989లో తెచ్చింది. ఇద్దరి నుంచి నలుగురి దాకా ఆడవచ్చు. తన జాబితాలోని ఆరు వస్తువులను అందరికంటే ముందుగా కొని, పార్కింగ్ స్థలానికి చేరుకున్నవారే విజేత.

మిల్టన్ బ్రాడ్లీ 1860లో మొదలైన సంస్థ. 1978లో రంగుల దీపాలతో, శబ్దాలతో జ్ఞాపకశక్తిని పరీక్షించే ‘సైమన్’ను తెచ్చి ఎలక్ట్రానిక్ ఆటల్లో పేరు సంపాదించింది. 1984లో హాస్‌బ్రో అనే ఆటబొమ్మల సంస్థ చేతికి వెళ్లింది. ఆ తర్వాత వచ్చిందే ఈ మాల్ ఆట.

తెలుగు ఇళ్లలో దీనికి దగ్గరి చుట్టం బిజినెస్ ఆట. ఎండలకు పేరుమోసిన రెంటచింతల లాంటి పల్నాటి ఊళ్లలో వేసవి మధ్యాహ్నాలు బయటికి అడుగుపెట్టేలా ఉండవు. అలాంటప్పుడు వైకుంఠపాళి, అష్టాచెమ్మా, బిజినెస్ లాంటి నీడపట్టు ఆటలే పిల్లలకు కాలక్షేపం. బిజినెస్‌లో బొంబాయి, ఢిల్లీ లాంటి నగరాలు కొని, అద్దెలు వసూలు చేసి, డబ్బు కూడబెట్టినవారు గెలుస్తారు. మాల్ మ్యాడ్‌నెస్‌లో కూడబెట్టడానికి విలువ లేదు. ఉన్న డబ్బును చకచకా, తెలివిగా ఖర్చుపెట్టాలి.

బోర్డు మీద రెండంతస్తుల మాల్ నిలబడుతుంది. గోడలు, దుకాణాలు అన్నీ అమర్చుకోవాలి. నడుమ స్పీకరు, మీటలు ఉన్న యంత్రం ఉంటుంది. పాచికలు, గవ్వలు అక్కర్లేదు. వంతు వచ్చినవారు మీట నొక్కితే ఎన్ని గళ్లు కదలాలో గొంతు చెబుతుంది. ఏ దుకాణంలో ధరలు తగ్గించారో, ఎక్కడ సరుకంతా తెగనమ్ముతున్నారో ప్రకటించేదీ ఆ గొంతే. కొనాలంటే బొమ్మ క్రెడిట్ కార్డును సందులో పెట్టాలి. జేబు ఖాళీ అయితే బ్యాంకుకు వెళ్లి డబ్బు తెచ్చుకోవాలి.

ఆటలోని పట్టు ఇక్కడే ఉంది. పక్కనే ఉన్న కొట్లో పూర్తి ధర పెడితే సమయం కలిసొస్తుంది. దూరంగా ఉన్న కొట్లో తగ్గింపు ధరకు కొంటే డబ్బు మిగులుతుంది కానీ వంతులు ఖర్చవుతాయి. ఈ లెక్క చూసుకుంటూ పోతుంటే, మరోచోట ఎవరో ఎదురుచూస్తున్నారంటూ గొంతు అటు పంపేస్తుంది. ఎంత జాగ్రత్తగా వేసుకున్న పథకమైనా అప్పుడు తారుమారే.

ఈ ఆట ఆ కాలపు అమెరికాకు అద్దం. మిన్నెసోటా రాష్ట్రంలో 1956లో తెరుచుకున్న సౌత్‌డేల్ సెంటర్‌తో పైకప్పు కింది చల్లని మాల్‌ల కాలం మొదలైంది. 1980ల నాటికి మాల్ అంటే కొనుగోళ్ల చోటే కాదు, కుర్రకారు కలుసుకునే రచ్చబండ కూడా. హైదరాబాద్‌లో ఇనార్బిట్, జీవీకే వన్ లాంటి పెద్ద మాల్‌లు 2009లో గానీ రాలేదు.

ఆట మీద విమర్శకూ చోటుంది. ప్రధానంగా ఆడపిల్లలకే అమ్మజూపడం వల్ల షాపింగ్ వాళ్ల పనేనన్న భావన బలపడింది. బ్యాంకు నుంచి తీసుకోవడమే తప్ప సంపాదన ఊసు లేదు. అయినా ధరలు పోల్చుకోవడం, చేతిలోని సొమ్ముకు తగ్గట్టు కొనడం పిల్లలు ఇందులో నేర్చుకోగలరు. పెద్దలు తోడు కూర్చుని ఆ లెక్కలు మాట్లాడితే మేలు మరీ ఎక్కువ.

హాస్‌బ్రో 2004లోనూ, 2020లోనూ కొత్త రూపాలు తెచ్చింది. పాత పెట్టె కొనేవారు ముందుగా బ్యాటరీలు వేసి గొంతు పలుకుతోందో లేదో చూసుకోవాలి. కదలికలూ ధరలూ దాని చేతిలోనే ఉన్నాయి కాబట్టి, అది మూగబోతే ఆట సాగదు.