ట్రాన్సిస్టర్: విద్యుత్ప్రవాహ నియంత్రణ

చేత పట్టుకొని తిరిగే రేడియోను మన ఊళ్లలో ఒకప్పుడు అందరూ "ట్రాన్సిస్టర్" అనే పిలిచేవారు. నిజానికి అది రేడియో పేరు కాదు. దాని లోపల ఉండే ఒక చిన్న సాధనం పేరు. బలహీనమైన ప్రవాహంతో బలమైన ప్రవాహాన్ని అదుపు చేయడం దాని పని. పూర్వం ఈ పనిని శూన్యనాళికలు, అనగా రేడియో వాల్వులు చేసేవి. వాటిలో ఎలక్ట్రాన్లు వెలువడాలంటే లోపలి లోహాన్ని బాగా వేడి చేయాలి. ట్రాన్సిస్టర్‌కు ఆ వేడి అక్కరలేదు. మరి ఘనపదార్థంలో ప్రవాహానికి అదుపు ఎలా కలుగుతుంది?

అర్ధవాహకాలు

సిలికాన్ పరమాణువు బాహ్య కక్ష్యలో నాలుగు ఎలక్ట్రాన్లు ఉన్నవి. స్ఫటికంలో అవి పక్కనున్న నాలుగు పరమాణువులతో బంధాలు ఏర్పరచుకుంటాయి. కాబట్టి స్వచ్ఛమైన సిలికాన్‌లో స్వేచ్ఛగా తిరిగే ఎలక్ట్రాన్లు బహు స్వల్పం. కోటి సిలికాన్ పరమాణువులకు ఒక్క ఫాస్ఫరస్ పరమాణువును చేర్చితే చాలు, వాహకత లక్షల రెట్లు పెరుగుతుంది. ఫాస్ఫరస్ బాహ్య కక్ష్యలోని ఐదవ ఎలక్ట్రాన్‌కు బంధంలో చోటు లేకపోవడమే ఇందుకు కారణం. ఇది ఎన్-రకం పదార్థం. మూడే బాహ్య ఎలక్ట్రాన్లు గల బోరాన్‌ను చేర్చితే బంధంలో ఒక ఖాళీ మిగులుతుంది. దీనిని "రంధ్రం" అంటారు. పక్క ఎలక్ట్రాన్ వచ్చి ఆ ఖాళీలో చేరితే, ఖాళీ పక్కకు జరుగుతుంది. ఇలా రంధ్రం ధనావేశం వలె సంచరిస్తుంది. ఇది పి-రకం.

మూడు పొరలు

రెండు ఎన్-పొరల నడుమ ఒక పి-పొర ఉంటే అది ఎన్‌పీఎన్ ట్రాన్సిస్టర్. మొదటి పొర ఉద్గారకం, నడిమిది ఆధారం, మూడవది సేకరిణి. సేకరిణికి ఆధారం కంటే ఎక్కువ ధన పొటెన్షియల్ ఇస్తారు. ఈ దిశలో ఆ సంధి గుండా తనంత తానుగా ప్రవాహం దాదాపు ఉండదు. ఇప్పుడు ఉద్గారకం కంటే ఆధారానికి సుమారు 0.6 వోల్టుల ధన పొటెన్షియల్ ఇస్తే, ఉద్గారకంలోని ఎలక్ట్రాన్లు ఆధారంలోకి ప్రవేశిస్తాయి.

అవి ఆధారపు తీగ గుండానే ఎందుకు వెళ్లిపోవు? రహస్యమంతా ఇక్కడే ఉన్నది. ఆధారం మిల్లీమీటరులో వెయ్యోవంతు, అంతకన్న తక్కువ మందం కూడా ఉండవచ్చు. అందులో రంధ్రాలూ తక్కువే. అందుచేత ఎలక్ట్రాన్లలో చాలా భాగం రంధ్రాలతో కలియకముందే అవతలి సంధిని చేరుకుంటాయి. అక్కడి విద్యుత్ క్షేత్రం వాటిని సేకరిణిలోకి లాగుకుంటుంది. 100 ఎలక్ట్రాన్లు బయలుదేరితే 99 సేకరిణికి చేరి, ఒక్కటి మాత్రమే ఆధారపు ప్రవాహంగా లెక్కకు వచ్చిందనుకుందాం. అప్పుడు ఆధారంలో 20 మైక్రో ఆంపియర్లకు సేకరిణిలో 1980 మైక్రో ఆంపియర్లు, అనగా దాదాపు 2 మిల్లీ ఆంపియర్లు ప్రవహిస్తాయి. మొదటిది 30కి పెరిగితే రెండవది దాదాపు 3 మిల్లీ ఆంపియర్లు అవుతుంది. మొదటిది ఆగితే రెండవదీ ఆగుతుంది.

రెండు డయోడులను ఎదురెదురుగా తీగతో కలిపితే ట్రాన్సిస్టర్ ఎందుకు కాదో దీనివల్ల తెలుస్తుంది. తీగ దాటి ఎలక్ట్రాన్లు రెండవ సంధిని అలా చేరలేవు. ఆ పలుచని ఆధారం అక్కడ లేదు.

శక్తి ఎక్కడిది?

ట్రాన్సిస్టర్ శక్తిని సృష్టించదు. తూము తలుపు ఎత్తే రైతు నీటిని పుట్టించడు. చెరువులోని నీటినే వదులుతాడు. అలాగే పెరిగిన శక్తి అంతా బ్యాటరీదే.

1947 డిసెంబరు 16న అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో జాన్ బార్డీన్, వాల్టర్ బ్రాటెన్‌లు తొలి ట్రాన్సిస్టర్‌ను పనిచేయించారు. జర్మేనియం ముక్కపై రెండు బంగారు స్పర్శలను దాదాపు వెంట్రుక మందమంత ఎడంలో ఆనించారు. అక్కడా దగ్గరితనమే కీలకం. పొరల ట్రాన్సిస్టర్‌ను విలియం షాక్లీ 1948లో ఊహించాడు. ముగ్గురికీ 1956లో నోబెల్ బహుమతి లభించింది.

నేటి కంప్యూటర్ చిప్‌లలో ఎక్కువగా ఉన్నది మరొక రకం. 1960లో అటల్లా, కాంగ్‌లు ప్రదర్శించిన ఆ సాధనంలో, ఆధారపు ప్రవాహానికి బదులు పలుచని ఆక్సైడు పొర పైనున్న ద్వారానికి ఇచ్చే వోల్టేజి అదుపు చేస్తుంది. అక్కడ కూడా ఒక పలుచని పొరే ఆయువుపట్టు.