3.4 కాలినడకన నగర పరిచయం: విజయవాడ

భుజాన ఒక సంచితో, తక్కువ ఖర్చుతో విజయవాడను మూడు రోజుల్లో చూడదలచిన యాత్రికుడు ఎక్కడ మొదలుపెట్టాలి? ప్రకాశం బ్యారేజీపై. నగరం ఇక్కడే ఎందుకు పెరిగిందో మీకు అక్కడ అర్థమవుతుంది. 1855లో పూర్తయిన ఆనకట్ట 1952లో తెగింది. 1957లో బ్యారేజీ వచ్చింది. ఇక్కడ ఆపిన కృష్ణా నీరు ఇరువైపులా కాలువల్లోకి మళ్లి డెల్టా పొలాలకు చేరుతుంది.

రెండో రోజు నది అవతల, కొండను తొలిచిన ఉండవల్లి గుహలు చూడండి. మూడో రోజు బందరు, ఏలూరు, రైవస్ కాలువల గట్ల వెంట నడవండి. పొలాలకు పోయే నీటిలో నగరపు మురుగు కలవడం అక్కడ గమనిస్తారు. దర్శనీయ స్థలాల పట్టికలో ఇది ఉండదు.

అభ్యాసం: మీ ఊరికి నీరు ఎక్కడి నుంచి వస్తుంది, ఎక్కడికి పోతుంది? స్వయంగా నడిచి చూసి ఐదు వాక్యాల్లో రాయండి.