దంతవైద్యానికి బీమా మేలా? రాయితీ పథకం మేలా?

పోయిన తర్వాత గాని విలువ తెలియని అవయవాలలో దంతాలు ముఖ్యమైనవి. నమలని ఆహారం జఠరాగ్నికి భారమని మన పెద్దలు ఏనాడో గుర్తించారు. అయినప్పటికీ మధ్యతరగతి కుటుంబాలలో పంటివైద్యానికి ఎప్పుడూ చివరి స్థానమే. పిల్లల చదువులు, పండుగలు, శుభకార్యాలు ముగిసిన తర్వాత ఏమైనా మిగిలితే చూద్దామనుకుంటారు. ఈలోగా చిన్న పిప్పి పంటి మూలాన్ని చేరుతుంది.

నర్సీపట్నంలో ఆయుర్వేద వైద్యవృత్తిలో ఉన్న నన్ను గృహస్థులు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "డాక్టరు గారూ, మా ఆరోగ్య బీమా పంటికి వర్తించదంటున్నారు. ఏడాదికి కొంత సొమ్ము కడితే తగ్గింపు ఇస్తామని కార్డు అమ్ముతున్నారు. తీసుకోవచ్చునా?" ఈ ప్రశ్నకు సమాధానం మందులపెట్టెలో లేదు, లెక్కల పుస్తకంలో ఉంది. కనుక కొంత వివరంగా చెబుతాను.

బీమా పంటికి ఎందుకు వర్తించదు?

అనేకులు కొద్దికొద్దిగా సొమ్ము చెల్లించి, వారిలో కొందరికి అనుకోకుండా వచ్చే పెద్ద ఆపదను ఆ సొమ్ముతో తీర్చడమే బీమా. పిప్పిపన్ను అటువంటి ఆపద కాదు. అది దాదాపు ప్రతి ఇంటికీ వస్తుంది. నెమ్మదిగా, చెప్పి మరీ వస్తుంది. అందరికీ వచ్చే ఖర్చును అందరూ పంచుకుంటే ఎవరికీ మిగులు ఉండదు. అందుచేతనే సాధారణ ఆరోగ్య బీమాలు పిప్పి పూడ్చడం, గార తీయడం వంటి వాటికి సొమ్ము ఇవ్వవు. 2020లో ప్రవేశపెట్టిన ప్రామాణిక పాలసీ 'ఆరోగ్య సంజీవని'లో వ్యాధి లేక గాయం వలన అవసరమైన దంతచికిత్స చేరి ఉన్నా, ఆసుపత్రిలో చేరి చేయించుకునే సందర్భానికే అది వర్తిస్తుంది. బయటి రోగులుగా చేయించుకునే వైద్యానికి సైతం సొమ్ము ఇచ్చే పాలసీలు కొన్ని ఉన్నాయి. వాటిలో గరిష్ఠ పరిమితినీ, నిరీక్షణ కాలాన్నీ ముందుగా చదువుకోవాలి.

అమెరికాలో పద్ధతి వేరు. 1954లో అక్కడి పడమటి తీరపు ఓడరేవు కార్మికుల సంఘం, సభ్యుల పిల్లల కోసం చేయించిన ఏర్పాటుతో దంతబీమా వ్యాప్తి మొదలైంది. కాని ఆ బీమాకు సాధారణంగా ఏడాదికింత అని హద్దు ఉంటుంది. హద్దు దాటిన ఖర్చు భరించలేనివారికీ, బీమా లేనివారికీ అక్కడ రాయితీ పథకాలు ప్రత్యామ్నాయమయ్యాయి. పిల్లల వద్దకు అమెరికా వెళ్ళే తల్లిదండ్రులు బయలుదేరే ముందే పళ్ళు చూపించుకోవడం వివేకం. సందర్శకుల బీమా సాధారణంగా హఠాత్తుగా వచ్చిన నొప్పికో, గాయానికో మాత్రమే, అదీ పరిమితంగా వర్తిస్తుంది.

రాయితీ పథకం అంటే ఏమిటి?

ఏడాది రుసుము చెల్లిస్తే, పథకంలో చేరిన దంతవైద్యుల వద్ద ధరలో కొంత శాతం తగ్గుతుంది. మిగిలినది మన చేతినుండే చెల్లించాలి. పథకం వారు వైద్యునికి మన తరఫున ఏమీ ఇవ్వరు. ఇది బీమా కాదు, ధర తగ్గింపు ఒప్పందం మాత్రమే. నిరీక్షణ కాలం, క్లెయిము పత్రాల బెడద సాధారణంగా ఉండకపోవడం ఇందులోని సుగుణం.

ఇప్పుడు లెక్క చూద్దాం. ఉదాహరణకు కార్డు రుసుము 1,000 రూపాయలు, తగ్గింపు 20 శాతం అనుకుందాం. ఆ రుసుము తిరిగి రావడానికే ఏడాదిలో 5,000 రూపాయల వైద్యం అవసరం. కార్డు చెల్లే చోట రూట్ కెనాల్ ధర 6,000 అయితే తగ్గింపుతో 4,800 అవుతుంది. అదే వైద్యం మన ఊరిలో 4,500కే దొరికితే కార్డు వలన నష్టమే. పైగా విశాఖపట్నం సుమారు 80 కిలోమీటర్లు. రూట్ కెనాల్‌కు రెండు మూడుసార్లు వెళ్ళవలసి రావచ్చు. తోడు వచ్చేవారి చార్జీలు, పోయిన పనిదినాలు కూడా లెక్కలో వేయాలి.

కనుక ఇంట్లో ఇద్దరు ముగ్గురికి చేయవలసిన పని ముందే తేలి ఉండి, కార్డు చెల్లే వైద్యుడు దగ్గరలో ఉంటేనే పథకం లాభం. ఎప్పుడో అవసరం రావచ్చునని కొనడం వృథా.

కొనేముందు అడగవలసినవి

1. తగ్గింపుకు ముందు, తర్వాత ధరల పట్టిక రాతపూర్వకంగా ఇస్తారా?
2. పంటి తొడుగు, కట్టుడుపళ్ళు, ఎక్స్‌రేలకు తగ్గింపు వర్తిస్తుందా, లేక పరీక్షకు మాత్రమేనా?
3. కుటుంబంలో ఎవరెవరికి చెల్లుతుంది? వృద్ధులైన తల్లిదండ్రులు చేరతారా?
4. జాబితాలోని వైద్యులు రాష్ట్ర దంతవైద్య మండలిలో నమోదైనవారేనా?
5. కార్డు వద్దనుకుంటే సొమ్ము వాపసు వస్తుందా?

మాట తప్పితే జాతీయ వినియోగదారుల సహాయ సంఖ్య 1915కు ఫిర్యాదు చేయవచ్చు. రసీదు భద్రపరచుకోవాలి. పళ్ళూడగొట్టుకోవడానికి ఏ రాయి అయితేనేమి అన్న సామెత పళ్ళు కట్టించుకోవడానికి పనికిరాదు. చౌక ఒక్కటే చూడరాదు.

ఇతర మార్గాలు

ముందుగా ప్రభుత్వ ఏరియా ఆసుపత్రిలో దొరికే దంతసేవలను విచారించండి. విశాఖ ప్రాంతంలో రుషికొండలోని గీతం, సంగివలసలోని అనిల్ నీరుకొండ దంతవైద్య కళాశాలలు ఉన్నాయి. ఇటువంటి బోధనాసుపత్రులలో అధ్యాపకుల పర్యవేక్షణలో విద్యార్థులు చికిత్స చేస్తారు. రుసుము సాధారణంగా తక్కువ, సమయం ఎక్కువ. కేంద్రప్రభుత్వ ఉద్యోగులు సి.జి.హెచ్.ఎస్., మాజీ సైనికులు ఇ.సి.హెచ్.ఎస్. నియమాలను చూసుకోవాలి. కార్డు రుసుమును నెలనెలా ఒక డబ్బాలో వేసుకోవడం కూడా మంచి పథకమే.

ఖర్చు రాకుండా చూసుకోవడం

దంతధావనానికి చేదులో వేప, వగరులో చండ్ర, తీపిలో ఇప్ప, కారంలో కానుగ శ్రేష్ఠమని సుశ్రుతుడు చెప్పాడు. పుల్ల చిటికెనవేలి లావు, 12 అంగుళాల పొడవు ఉండాలి. అంగుళమంటే ఇక్కడ వేలి వెడల్పు. నువ్వులనూనెతో గండూషం దవుడకు బలమని చరకుడు పేర్కొన్నాడు. వీటితోపాటు ఫ్లోరైడు ఉన్న పేస్టుతో రోజుకు రెండుసార్లు తోముకోవాలి. ఇటుకపొడి, బొగ్గుపొడి రుద్దితే పంటిపై పింగాణీ పొర అరిగిపోతుంది.

దూదిపై అద్దిన లవంగనూనె నొప్పిని తాత్కాలికంగా తగ్గిస్తుంది, పిప్పిని పూడ్చదు. నేను ఆయుర్వేద వైద్యుడనై ఉండి కూడా స్పష్టంగా చెబుతున్నాను: మూలాన్ని చేరిన పిప్పికి వంటింటి మందు లేదు. ముఖం వాచినా, జ్వరం వచ్చినా, నోరు తెరవడం, మింగడం కష్టమైనా ఒక్కరోజు కూడా ఆగరాదు. మధుమేహం ఉన్నవారు చిగుళ్ళను మరింత జాగ్రత్తగా చూసుకోవాలి.

మన ప్రాంతపు స్త్రీలలో కనిపించే అడ్డపొగ అలవాటు అంగిలికి ప్రమాదకరం. శ్రీకాకుళం జిల్లా గ్రామాలలో 10,169 మందిని పరీక్షించి 1971లో ప్రచురించిన అధ్యయనం అంగిలిపై ఆ పొగ చేసే హానినే వివరించింది. తెల్లమచ్చగాని, పుండుగాని రెండు వారాలలో మానకపోతే వెంటనే చూపించాలి.

చిన్న పిప్పిని సకాలంలో పూడ్పిస్తే అయ్యే ఖర్చు రూట్ కెనాల్, తొడుగుల ఖర్చులో కొద్ది భాగమే. ఏ కార్డూ ఇవ్వలేని తగ్గింపు అది. కాబట్టి కార్డు గురించి నిర్ణయించుకునే ముందు, ఈ నెలలోనే ఇంటిల్లిపాదీ ఒకసారి పళ్ళు పరీక్ష చేయించుకోండి. చేయవలసిన పని ఎంతో తెలిసిన తర్వాత కార్డు అవసరమో కాదో మీ లెక్కే చెబుతుంది.